భూగోళపు నీటి పద్దు

నదులలో పారే నీరంతా ఎక్కడి నుంచి వస్తున్నది? వర్షం నుంచే కదా అని నేడు బడిపిల్లవాడైనా బదులు చెప్పగలడు. కాని మూడున్నర శతాబ్దాలకు పూర్వం ఐరోపా పండితులలో పెక్కుమంది ఈ జవాబుకు తల ఊపి ఉండేవారు కారు. అప్పుడప్పుడూ రాలే చినుకులు ఏడాది పొడవునా ప్రవహించే మహానదులకు ఏ మూలకు చాలుతాయని వారి ఆక్షేపణ. సముద్రజలమే భూగర్భంలోని రహస్య మార్గాల గుండా కొండలలోకి ఎగబ్రాకి, ఉప్పును విడిచి, ఊటలై వెలువడుతున్నదని వారి విశ్వాసం.

1674లో ఫ్రాన్సు దేశంలో పియేర్ పెరో అనే ఆయన ఈ వివాదాన్ని తర్కంతో కాక లెక్కతో తేల్చదలచాడు. ఆయన శాస్త్రజ్ఞుడు కాదు. ప్రభుత్వానికి పన్నులు వసూలు చేసే పదవిలో ఉండి, ఆ పదవిని పోగొట్టుకున్నవాడు. సిండ్రెల్లా కథను లోకానికి అందించిన చార్లెస్ పెరో ఈయన తమ్ముడే. జమాఖర్చులు చూచిన చేయి కనుక, సీన్ నది ఎగువ భాగంలో ఏడాదికి కురిసే వాన ఎంత, ఆ నదిలో పారే నీరు ఎంత అని రెండు పద్దులు వ్రాసి పోల్చాడు. వాన నది ప్రవాహానికి ఆరు రెట్లున్నదని తేలింది. నదికి వాన చాలదన్న మాట అక్కడితో వీగిపోయింది. కాని దాని వెనుకనే మరొక ప్రశ్న లేచింది. ఆరు పాళ్ళలో ఒక పాలు నదికి పోతే, తక్కిన ఐదు పాళ్ళు ఏమైనట్లు?

ఆ ఐదు పాళ్ళ ఆచూకీ కోసమే నేటి కంప్యూటర్లు రాత్రింబవళ్ళు పనిచేస్తున్నాయంటే అతిశయోక్తి కాదు. ఇప్పుడు లెక్క ఒక్క నదికి కాదు, యావత్ భూతలానికి.

సూత్రం మాత్రం పెరో నాటిదే. కురిసిన వాన జమ. ఆవిరైపోయినదీ, పారిపోయినదీ ఖర్చు. జమలోంచి ఖర్చు తీసివేయగా మిగిలినది నిల్వ: నేలలో తేమగా, భూగర్భజలంగా, చెరువులలో నీరుగా, కొండలపై మంచుగా. చూపులకు ఇంత సులభమైన లెక్క మరొకటి లేదు. చిక్కంతా అంకెలు సంపాదించడంలోనే వస్తుంది. వానను కొలవడానికి వర్షమాపకం ఉన్నది. నది ప్రవాహాన్ని వంతెన దగ్గర నిలబడి కొలవవచ్చు. నేల నుంచీ, ఆకుల నుంచీ కంటికి కనిపించకుండా గాలిలో కలిసిపోయే ఆవిరిని ఒక దేశం మేర కొలిచే పరికరం ఏదీ లేదు. అందువల్ల చాలా కాలం దాన్ని శేషంగానే వ్రాసుకున్నారు. అనగా వానలోంచి ప్రవాహం తీసివేస్తే మిగిలినది ఆవిరి అని. అలా వ్రాసినప్పుడు వానలో జరిగిన పొరపాటూ, ప్రవాహంలో జరిగిన పొరపాటూ రెండూ ఆవిరి ఖాతాలోనే వచ్చి పడతాయి. లెక్క మాత్రం చక్కగా సరిపోతుంది! లెక్క సరిపోవడం వేరు, నిజం కావడం వేరు అన్న సంగతి ఈ విషయంలో అడుగడుగునా జ్ఞాపకం ఉంచుకోవాలి.

యునెస్కో సంస్థ 1965 నుంచి 1974 వరకు అంతర్జాతీయ జలశాస్త్ర దశాబ్దం నిర్వహించింది. దాని ఫలితంగా ప్రపంచపు నీటి పద్దులు ఒకటికి రెండు వెలువడ్డాయి. సోవియట్ శాస్త్రజ్ఞుల లెక్క ప్రకారం భూతలం మీద ఏటా 1,19,000 ఘన కిలోమీటర్ల వాన, మంచు కురుస్తుండగా 72,000 ఆవిరై, 47,000 సముద్రం పాలవుతున్నది. 1975లో జర్మన్ శాస్త్రజ్ఞులు బౌమ్‌గార్ట్నర్, రైఖెల్ ప్రకటించిన లెక్కలో వర్షం 1,11,000, ఆవిరి 71,000, ప్రవాహం 40,000. ప్రవాహంలోనే ఇద్దరికీ ఏడు వేల ఘన కిలోమీటర్ల తేడా. మన వాడుక లెక్కలో చెప్పాలంటే అది సుమారు 2 లక్షల 47 వేల టి.ఎం.సి.లు, 312 టి.ఎం.సి.ల నాగార్జునసాగరాలు దాదాపు 790 నిండేటంత నీరు. రెండూ పండితుల లెక్కలే. రెండూ కాగితం మీద సరిపోయినవే.

కొలవలేని ఆవిరిని శేషంగా వదలక, దానికదే విడిగా లెక్కగట్టాలన్న పట్టుదల ఇంతకు ముందే, 1948లో ఫలించింది. ఇంగ్లండులో పెన్‌మన్, అమెరికాలో థార్న్‌త్వైట్ అదే ఏడాది వేర్వేరు సూత్రాలను ప్రకటించారు. పెన్‌మన్ సూత్రానికి ఎండ, గాలి, తేమ అన్నీ కావాలి. థార్న్‌త్వైట్ సూత్రానికి ఉష్ణోగ్రత, పగటి నిడివి తెలిస్తే చాలు. శాస్త్రదృష్ట్యా మొదటిదే ఉత్తమం. కాని ప్రపంచంలో చాలా చోట్ల థర్మామీటరు తప్ప మరొకటి లేని కాలం కనుక, రెండవదే దేశదేశాలకూ ప్రాకింది.

ఈ థార్న్‌త్వైట్ గదిలో కూర్చుండి సూత్రాలల్లిన మనిషి కాడు. న్యూజెర్సీ రాష్ట్రంలోని సీబ్రూక్ అనే పెద్ద వ్యవసాయ క్షేత్రంలో పనిచేశాడు. అక్కడ బఠాణీ పంటంతా ఒక్కసారే కోతకు వచ్చి, కూలీలూ యంత్రాలూ చాలక నానా అవస్థా పడేవారు. ఏ మడి ఏ రోజున విత్తితే ఏ రోజున కోతకు వస్తుందో వాతావరణాన్ని బట్టి లెక్కవేసి, కోతలు వరుసగా వచ్చేటట్లు ఏర్పాటు చేసిన ఘనత ఆయనది. నీటి విషయంలోనూ అదే రైతు బుద్ధి. నేలను బ్యాంకు ఖాతాగా భావించాడు. వాన ఎక్కువైన నెలలో ఖాతాలో నీరు జమ అవుతుంది. ఖాతా నిండితే పైది ప్రవాహమై పోతుంది. వాన చాలని నెలలో మొక్క ఆ నిల్వలోంచి తీసుకుంటుంది. నిల్వ తరిగేకొద్దీ తీసుకోవడం కష్టమవుతుంది. నెలకొక వరుస చొప్పున పన్నెండు వరుసలు వ్రాస్తే ఏ ఊరికి ఏ నెలలో ఎంత నీటి కొరత, ఎంత మిగులు అన్నది కళ్ళకు కట్టినట్లు కనిపిస్తుంది.

ఈ పద్దతిని భారతదేశం మొత్తానికి అన్వయించి 1956లో అమెరికన్ భూగోళ శాస్త్రజ్ఞుల పత్రికలో వ్యాసం ప్రకటించినవారు మన వాల్తేరువారే: ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు చెందిన వి.పి. సుబ్రహ్మణ్యం. కంప్యూటరు పేరైనా మన దేశంలో ప్రచారంలో లేని ఆ రోజులలో పట్టికలూ, పెన్సిలే సాధనాలు. అనంతరం ఏళ్ళ తరబడి నీటి సమతుల్యం మీద పరిశోధన వాల్తేరులో సాగింది. ఈ సంగతి మన విద్యార్థులకు చెప్పేవారు అరుదు.

కంప్యూటర్ల ప్రవేశానికి కారణం నీటి మీద మక్కువ కాదు; వాతావరణం మీద. అమెరికాలో ప్రిన్స్‌టన్‌లో పనిచేస్తున్న జపాను శాస్త్రజ్ఞుడు మనాబే, భూగోళపు వాయుమండలాన్ని గణిత సమీకరణాలుగా కంప్యూటరులో ప్రతిష్ఠించే యత్నంలో ఉన్నాడు. సూర్యరశ్మి నేలను తాకినప్పుడు దానికి రెండు దారులు ఉన్నాయి. నేల తడిగా ఉంటే ఆ శక్తిలో ఎక్కువ భాగం నీటిని ఆవిరి చేయడానికి ఖర్చవుతుంది. గాలి అంతగా వేడెక్కదు. మట్టి కూజాలో నీళ్ళు చల్లబడే రహస్యమే ఇది. నేల పొడిగా ఉంటే ఆ శక్తి అంతా గాలిని వేడి చేస్తుంది. కనుక నేలలో తేమ ఎంతో తెలియకపోతే రేపటి ఎండనూ చెప్పలేము, వాననూ చెప్పలేము.

దీనికి మనాబే 1969లో చేసిన ఏర్పాటు చూస్తే నవ్వూ వస్తుంది, మెచ్చుకోబుద్ధీ అవుతుంది. భూతలం మీద ప్రతి చోటా 15 సెంటీమీటర్ల లోతుగల బొక్కెన ఒకటి పెట్టినట్లు భావించాడు. వాన బొక్కెనలో పడుతుంది. ముప్పాతిక వంతు దాటి నిండి ఉంటే ఆవిరి పూర్తి వేగంతో లేస్తుంది. అంతకు తగ్గితే నీరున్న పాళ్ళను బట్టి తగ్గుతుంది. నిండి పొర్లినది నది. థార్ ఎడారికీ అదే బొక్కెన, అమెజాన్ అడవికీ అదే బొక్కెన! ఆవిరికీ తేమకూ గల సంబంధం అంతకు ముందే లెనిన్‌గ్రాడ్‌లో బుద్యకో ఆలోచించినది. దాన్ని భూగోళమంతటా తిరిగే వాయువులతో ముడివేయడం మనాబే సాధించిన పని. ఆయన వాతావరణ నమూనాలకు 2021లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

నేల తడికి ఇంత ప్రాముఖ్యం నిజంగా ఉన్నదా అన్న సందేహాన్ని 1982లో జగదీశ్ శుక్లా, మింట్జ్ అనే ఇద్దరు తీర్చారు. శుక్లా ఉత్తరప్రదేశ్‌లోని బలియా జిల్లా పల్లెటూరివాడు. వారు కంప్యూటరులో రెండు భూగోళాలను సృష్టించారు. ఒకదానిలో నేలంతా ఎప్పుడూ తడి. రెండవదానిలో నేలంతా ఎప్పుడూ పొడి. జూలై మాసపు వాతావరణాన్ని రెండింటిలోనూ నడిపించి చూశారు. పొడి భూగోళంలో ఐరోపాలోనూ, ఆసియాలో చాలా భాగంలోనూ వాన దాదాపు లేకుండాపోయింది, ఎండలు మండిపోయాయి. భారతదేశానికీ, ఆగ్నేయాసియాకూ మాత్రం సముద్రం నుంచి తేమ అందుతున్నందువల్ల వాన పడుతూనే ఉన్నది. మన ఋతుపవనం సముద్రపు సొత్తు అన్న పెద్దల మాటకు ఇది ఊతమిచ్చింది. అయితే కథ అంతటితో ముగియలేదు. 2004లో కోస్టర్ అనే నాసా శాస్త్రజ్ఞుని నాయకత్వాన పన్నెండు వాతావరణ నమూనాలను ఒకే పరీక్షకు పెట్టారు. నేల తేమ వేసవి వానను గట్టిగా ప్రభావితం చేసే ప్రదేశాలు భూమి మీద ఎక్కడెక్కడ అన్నది ప్రశ్న. అమెరికా మధ్య మైదానాలూ, ఆఫ్రికాలో సాహేల్ ప్రాంతమూ, భూమధ్యరేఖా ఆఫ్రికాలో కొంత భాగమూ తేలగా, వాటి సరసన మన దేశమూ కనిపించింది. పన్నెండింటిలోనూ ఒకే తీరు ఫలితం రాలేదన్న మాట నిజమే. కాని సగటు ఫలితాన్ని తోసిపుచ్చడానికి వీలులేదు. తొలకరికి తడిసిన నేల తరువాతి వానకు ఎంతో కొంత సాయపడుతున్నదన్నమాట.

ఇక బొక్కెన సంగతి. దానిలోని పెద్ద లోపం అది మొక్కను ఎరగకపోవడం. ఆకు అడుగున సూక్ష్మమైన పత్రరంధ్రాలు ఉంటాయి. మొక్క వాటిని తెరచి బొగ్గుపులుసు గాలిని లోనికి తీసుకుంటుంది. ఆ తలుపులోంచే నీటి ఆవిరి బయటికి పోతుంది. ఎండ మిక్కుటమైనా, వేరుకు నీరందకపోయినా తలుపు మూస్తుంది. తడిబొక్కెనకు ఈ విచక్షణ లేదు. ఎండ ఎంత కాస్తే అంతా ఆవిరి చేస్తుంది. 1980 దశకంలో డికిన్సన్, సెల్లర్స్ అనే శాస్త్రజ్ఞులు ఆకునూ, వేరునూ, పత్రరంధ్రాన్నీ నమూనాలోకి తెచ్చారు. ఈ పియర్స్ సెల్లర్స్ తరువాత వ్యోమగామి అయి 2002, 2006, 2010లలో మూడుసార్లు రోదసికి వెళ్ళివచ్చాడు. తాను లెక్కలుగట్టిన పచ్చదనాన్ని పైనుంచి చూచే భాగ్యం శాస్త్రజ్ఞులలో ఎందరికి దక్కుతుంది?

రెండవ లోపం సమానత్వం. కంప్యూటరు భూతలాన్ని గళ్ళుగా కోస్తుంది. అర డిగ్రీ గళ్ళయితే, భూమధ్యరేఖ దగ్గర ఒక్కొక్క గడి వైశాల్యం ఇంచుమించు 55 కిలోమీటర్ల చదరం. ఇటువంటి గళ్ళు నేలంతటికీ సుమారు 67 వేలు కావాలి. ఒక గడిలో కొండ ఉంటుంది, మాగాణి ఉంటుంది, రాతినేల ఉంటుంది, పట్టణం ఉంటుంది. గడి మొత్తానికి సగటు వాన వేస్తే, ఒక మూల కుంభవృష్టిగా కురిసినది అంతటా తుంపరగా మారిపోతుంది. తుంపరను ఆకులే పట్టుకుని గాలికి ఇచ్చేస్తాయి, వాగు పొర్లదు. వరదే లేకుండా పోతుంది! దీనికి ఒక చక్కని ఉపాయం చైనా జలశాస్త్రజ్ఞుల నుంచి వచ్చింది; దాన్ని 1994లో లియాంగ్, లెటెన్‌మాయర్ ప్రభృతులు అమెరికాలో పెంపొందించారు. గడికి ఒక్క బొక్కెన బదులు చెంబు, బిందె, గుండిగ, గంగాళం అన్నీ పరచినట్లు భావించడమే ఆ ఉపాయం. వాన మొదలుకాగానే చెంబులు నిండి పొర్లుతాయి. గంగాళాలు ఇంకా ఖాళీగానే ఉంటాయి. నేల పూర్తిగా నానకముందే వాగు ఎందుకు పారుతుందో ఆ విధంగా లెక్కకు అందింది. ఎంత చిన్న ఊహ! ఈ వ్యాసకర్తకు ఈ శాస్త్రం మొత్తంలో మిక్కిలి నచ్చిన ఘట్టం ఇదే.

ఇన్ని మెరుగులు దిద్దిన తరువాత లెక్కలన్నీ ఏకమై ఉండాలి. కాలేదు. నెదర్లండ్స్‌లో కాబావ్ అనే చోట తీసిన కొలతలను 23 నమూనాలకు ఇచ్చి, అదే వాన, అదే ఎండ, అదే గాలిపై లెక్కవేయమన్న పరీక్ష ఫలితాలు 1997లో వెలువడ్డాయి. ఒకే ప్రశ్నపత్రానికి 23 రకాల జవాబులు వచ్చాయి. 2011లో హాడెలాండ్ అనే నార్వే శాస్త్రజ్ఞురాలి బృందం 11 ప్రపంచ నమూనాలను 1985–1999 సంవత్సరాలకు నడిపి పోల్చింది. భూతలం నుంచి ఏటా ఆవిరయ్యేది ఒక నమూనా 60,000 ఘన కిలోమీటర్లంటే, మరొకటి 85,000 అన్నది. ప్రవాహం 42,000 నుంచి 66,000 వరకు. అంటే సోవియట్, జర్మన్ పండితుల మధ్య నాడున్న తేడా కంటే ఈనాటి యంత్రాల మధ్య తేడాయే ఎక్కువ. దీన్ని చూచి పెదవి విరచడం సులభం. కాని ఒకే లెక్కను నమ్మి కూర్చోవడం కంటే పదకొండు లెక్కలను పక్కపక్కన పెట్టి మన అజ్ఞానం ఎంత వెడల్పో కొలుచుకోవడం నిజాయితీగల పని.

ఈ వివాదం పండితులకే పరిమితమైనదని పాఠకులు అనుకోకూడదు. 2002 మార్చి 17న గ్రేస్ అనే జంట ఉపగ్రహాలను రోదసిలోకి పంపారు. ఒకదాని వెనుక ఒకటి సుమారు 220 కిలోమీటర్ల దూరంలో పరుగెత్తేవి కనుక శాస్త్రజ్ఞులు వాటికి టామ్, జెర్రీ అని ముద్దుపేర్లు పెట్టారు. క్రింద బరువెక్కువ ఉన్నచోటికి రాగానే ముందుది కొంచెం ముందుకు లాగబడేది. రెండింటి మధ్య దూరం మారేది. వెంట్రుక మందంలో చిన్న వంతు మారినా అవి పసిగట్టగలిగేవి. ఆ మార్పును బట్టి ఒక ప్రాంతంలో నీటి బరువు నెలనెలకూ ఎంత పెరిగిందో, ఎంత తరిగిందో చెప్పవచ్చు. నీటిని తూచే త్రాసు ఆకాశంలో వ్రేలాడినట్లయింది.

రోడెల్, వెలికోన్యా, ఫామిగ్లియెట్టి ఈ త్రాసుతో రాజస్థాన్, పంజాబు, హర్యానా రాష్ట్రాలను తూచి, 2009లో ఫలితం ప్రకటించారు. అక్కడి భూగర్భజలం ఏటా సగటున 17.7 ఘన కిలోమీటర్ల చొప్పున తరిగిపోతున్నదనీ, 2002 ఆగస్టు నుంచి 2008 అక్టోబరు వరకు పోయిన మొత్తం 109 ఘన కిలోమీటర్లనీ తేల్చారు. అంటే సుమారు 3,850 టి.ఎం.సి.లు; నాగార్జునసాగరానికి పన్నెండు రెట్లు. వానలు ఆ ఏళ్ళలో మరీ తక్కువ కాదు. కనుక ఈ తరుగుకు ముఖ్య కారణం వరి, గోధుమలకు తోడిన నీరేనని వారు అభిప్రాయపడ్డారు.

ఇక్కడ మన నమూనాల పాత్ర ఏమిటో గమనించాలి. గ్రేస్ త్రాసు మొత్తం బరువునే చెబుతుంది. అందులో నేల తేమ ఎంత, పాతాళజలం ఎంత అని విడదీయదు. ఆ పరిశోధకులు నేల తేమ మార్పును కంప్యూటరు నమూనాల నుంచి తీసుకుని, మొత్తంలోంచి తీసివేసి, శేషాన్ని భూగర్భజలంగా వ్రాశారు. పెరో నాటి శేషం కథే మళ్ళీ వచ్చింది! నమూనాలో తప్పుంటే ఆ తప్పు సరాసరి భూగర్భజలం పద్దులోకి దిగుతుంది. ఈ కారణం చేతనే వారు 17.7 ప్రక్కన 4.5 అటూ ఇటూ కావచ్చునని వినయంగా వ్రాసుకున్నారు. ఆ అంకె పత్రికలకెక్కేటప్పటికి సాధారణంగా ఆ 4.5 జారిపోతుంది. దాన్ని జారవిడవకుండా చదివినా, బావులు అడుగంటుతున్నాయన్న నిజం మారదు.

మరొక చిక్కు. మొదటి నమూనాలు ప్రకృతిని మాత్రమే ఎరుగును. వాటికి బోరుబావి తెలియదు, కాలువ తెలియదు, ఆనకట్ట తెలియదు. రబీలో వాన చినుకు లేని పొలం పచ్చగా ఆవిరిని ఎగజిమ్ముతుంటే, నమూనాలో అది ఎండిన బీడు. తరువాత జర్మనీలో తయారైన వాటర్‌గ్యాప్, జపానులో తయారైన హెచ్ 08 వంటి నమూనాలు సాగునీటినీ, జలాశయాలనూ చేర్చుకున్నాయి. కాని ఆనకట్ట తలుపు ఎప్పుడు ఎత్తాలో సమీకరణం నిర్ణయించదు. ఇంజనీరూ, ప్రభుత్వమూ, ఒక్కొక్కప్పుడు రెండు రాష్ట్రాల మధ్య తగవూ నిర్ణయిస్తాయి. కంప్యూటరు చేయగలిగినదల్లా పైర్ల అవసరాన్ని బట్టి ఊహించడమే.

ఊహ తప్పో ఒప్పో తేల్చవలసినది నది. వంతెన దగ్గర కొలిచిన ప్రవాహంతో పోల్చినప్పుడే నమూనా నిగ్గుతేలుతుంది. ప్రపంచ నదుల ప్రవాహ వివరాలను జర్మనీలోని కోబ్లెంజ్‌లో 1988 నుంచి ఒక కేంద్రం సేకరించి ఉంచుతున్నది. కాని గంగ, బ్రహ్మపుత్ర, సింధు వంటి సరిహద్దులు దాటే నదుల వివరాలను మన ప్రభుత్వం బహిరంగంగా ఇవ్వదు. ద్వీపకల్పపు నదులైన గోదావరి, కృష్ణల లెక్కలు అందుబాటులో ఉన్నాయి గనుక, మన దేశానికి నమూనా కట్టేవారు తరచు ఈ నదుల మీదనే పరీక్షించి, అక్కడ దిద్దుకున్న బుద్ధితో హిమాలయ నదులను ఊహిస్తారు. మంచు కరిగి పారే నదికీ, నల్లరేగడి మీద వానకు పారే నదికీ పోలిక ఎంత? పొరుగు దేశాలతో నీటి పంపకాల జాగ్రత్త ఉండవచ్చు. కాని ఎన్నో కోట్లమంది బ్రతుకు ఆధారపడిన నదిని గురించి ఆ ప్రజలకే తెలియకుండా అంకెలు బీరువాలో ఉంచడం ఈ వ్యాసకర్తకు సమర్థనీయంగా తోచదు.

2025 జూలై 30న శ్రీహరికోట నుంచి నిసార్ ఉపగ్రహాన్ని ప్రయోగించారు. ఇస్రో, నాసా కలసి నిర్మించిన ఈ రాడారు ఉపగ్రహం చేయవలసిన పనులలో పొలాల స్థాయిలో నేల తేమను కొలవడం ఒకటి. రాడారు తరంగం తాకేది నేల పైపొరలోని కొద్ది సెంటీమీటర్లనే. మీటరు లోతున కందిమొక్క వేరు త్రాగే నీటిని మాత్రం ఇంకా చెంబులూ గంగాళాలతోనే లెక్కగట్టవలసి ఉంటుంది.